గ్లాసులో కొత్తిమీర

మా పిన్ని పదిహేడేళ్లు ఓ టైలరింగ్ షాపులో బట్టలు కుట్టింది. ఆ షాపు మూతపడ్డాక, ఓ ఆఫీసు క్యాంటీన్‌లో పని ఉందంటే వెళ్లింది. స్కూటీ మీద దింపింది నేనే కాబట్టి అంతా కళ్లారా చూశా.

వంటమాస్టరు పిన్ని ముందు నాలుగు పెద్ద కట్టల కొత్తిమీర, ఓ కత్తి పెట్టాడు. "అరగంటలో సన్నగా తరిగితే పని మీదే. ఆకు నలిగిందో, దండం పెట్టి పంపించేస్తా."

కత్తి పడితే పిన్నిది నత్తనడక. ఇంట్లో కూరలు తరిగేది బాబాయే! ఆవిడ మాత్రం తాపీగా ఆకు కడిగి, పొడిగుడ్డ మీద పరిచి, మెల్లగా అద్దుతూ కూర్చుంది. పావుగంట దానికే పోయింది.

"జోకొడుతున్నారా దాన్ని?" అన్నాడు మాస్టరు.

"తడిమీద కోస్తే గుడ్డయినా ఆకయినా పాడే మాస్టారూ," అంటూ సంచిలోంచి కత్తెర తీసింది. గుడ్డల కత్తెర కాదు, దాన్ని ఆకు మీద ఛస్తే పెట్టదు. ఇది వంటింటిది.

"కొత్తిమీరకి జాకెట్ కుడతారా ఏంటి?"

పిన్ని నవ్వేసి, గ్లాసులో గుప్పెడు ఆకు దోపి, కత్తెర మొనలు లోపల పెట్టి టకటకా ఆడించింది. తరిగింది పళ్లెంలో బోర్లించి మళ్లీ నింపింది. ఇంకా మూడు నిమిషాలుండగానే కట్టలన్నీ ఖాళీ!

మాస్టరు చిటికెడు తీసి పైనుంచి వదిలి చూశాడు. పొడిపొడిగా రాలింది. "సరే, రేపట్నుంచి రండి."

"రేపెందుకండీ?" అంది పిన్ని కొంగు బిగిస్తూ. "ఆ పుదీనా ఇటు పడేయండి."