మల్లేశన్నను బార్‌కు పంపిన రోజు

నా వేలు ఒక్క గడి కిందికి జారినందుకు యూసుఫ్‌గూడ అడ్డా కూలీ మల్లేశన్నకు రావలసిన ఉద్యోగం, ఉన్న కాపురం రెండూ ఊగిపోయాయి. నవ్వేవాళ్లు నవ్వుకోండి. పేర్లు మాత్రం రాసిపెట్టుకుంటాను.

అప్పట్లో అమీర్‌పేటలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కూలీలను శిక్షణలో చేర్పించేవాణ్ణి. మల్లేశన్న ఇరవై ఏళ్లుగా స్లాబులకు ఇనుప చువ్వలు వంచుతున్నాడు. బార్ బెండింగ్ సర్టిఫికెట్ తెస్తే ఒక కంపెనీ పర్మినెంట్ చేస్తానంది. కంప్యూటర్‌లో ‘బార్’ అని కొట్టి, కనబడిన కోర్సు నొక్కేశాను.

చేరడానికి ఆఖరి రోజు పంజాగుట్ట కేంద్రం ఇన్‌చార్జి సునందగారు ఫోన్ చేశారు. ఒకప్పుడు నన్ను ముప్పావుగంట నిలబెట్టి కుర్చీ చూపించని మనిషి. మరచిపోతానా?

“మీరు పంపినాయన మా కోర్సుకి సరిపోరండీ.”

“లుంగీ కట్టుకున్నాడనా?”

“చేతిలో ఇంత పొడుగు ఇనుప పానా ఉందండీ!”

“అది ఆయన పనిముట్టు! మీరు పెన్ను బయట పెట్టి వస్తున్నారా?”

“గ్లాసులున్న చోట పానా ఏంటండీ?”

“కూలీ గ్లాసులో తాగకూడదా? కమిషనర్‌కి రాస్తాను!”

“సరే, మీ ఇష్టం” అన్నారామె. యుద్ధం గెలిచిన రాజులా టీ తెప్పించుకున్నాను. సగం తాగేలోపు మల్లేశన్న ఫోన్.

“సార్, గీడ ఇసుక లేదు, సిమెంటు లేదు. అన్నీ సీసలే. డబ్బా ఇచ్చి ఊపుమంటున్రు.”

“ఊపన్నా, కొత్త పద్ధతేమో.”

“మెడకు సీతాకోకచిల్క లెక్క ఏదో కట్టిన్రు! తాగుడు బంద్ జేస్తనని మా ఇంటామె లక్ష్మికి ఒట్టేసిన. గిప్పుడే వీడియో కాల్‌ల జూసి ఇంటికి రాకన్నది. జర జల్ది రా సార్!”

ఫారం తీశాను. బార్ టెండింగ్. అంటే మందు కలిపి పోసే చదువు. బార్ బెండింగ్ పై గడిలో కూర్చుని నన్నే చూస్తోంది.

ఆ ట్రాఫిక్‌లో ఆటోలను దాటుకుంటూ పంజాగుట్టకు పరుగెత్తాను.

“మారుస్తానండీ,” అన్నారు సునందగారు. “తప్పు మీదేనని రాసివ్వండి.”

వందల ఫిర్యాదులు రాసిన నేను, క్షమాపణ అనేసరికి పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేశాను.

“జల్ది రాయి సార్! ఐదైతే దుకాణం బంద్!” అన్నాడు మల్లేశన్న.

రాశాను. అతను దాన్ని ఫోటో తీసి లక్ష్మికి పంపాడు. వెంటనే జవాబు: “నువ్వు రా. గా సార్‌ను మాత్రం తేకు.”

మల్లేశన్నకు సనత్‌నగర్‌లో చువ్వలు వంచడం నేర్పే షెడ్డులో సీటు దొరికింది. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. “మరి ఇక్కడ ఖాళీ అయిన సీటో?” అని సునందగారు ఆ రోజే నా పేరు రాసేశారు. సోడా కూడా ముట్టని నేను మూడు నెలలు డబ్బా ఊపాను. రెండో ర్యాంకే ఇచ్చారు. దాని మీద ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో ఎవరి ఫారం నింపినా, “ఇదేనా అన్నా నీ పని?” అని మూడుసార్లు అడగందే మీట నొక్కను.