రంగు మారని గునుగు

మంజుల టీచర్ చేతులు ఎప్పుడు చూసినా ఏదో ఒక రంగులోనే ఉంటాయి. ఒకనాడు మందారం, ఒకనాడు పసుపు, ఇంకోనాడు శంఖుపువ్వు నీలం. చెన్నూరు దగ్గరి ఒక సర్కారు హైస్కూల్లో ఆమె సైన్సు చెబుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ చేతులు చూసి డ్రాయింగు టీచరనుకుంటారు. అనుకుంటే అనుకోనీ, ఆమెకు ఆ మరకలంటే గర్వమే.

ఆ గర్వం పుట్టింటి సొత్తు. సిరిసిల్లలో ఆమె తండ్రి రాయమల్లు నూలుకు రంగులద్దేవాడు. ఆయన అద్దిన ఎరుపుతో నేసిన చీర చిరగాలే గానీ వెలవదని ఊళ్లో పేరు. ఎండకు ఆరేసినా, సబ్బుపెట్టి బండకేసి బాదినా, చింతపులుసు ఒలికినా ఆ ఎరుపు ఎరుపే. "రంగంటె మాట లెక్కుండాలె బిడ్డా. ఒక్కసారి ఇచ్చినంక మారొద్దు" అనేవాడు. అలాంటి మనిషి కడుపున పుట్టిన పిల్ల, పెద్దయ్యాక మారే రంగుల వెంట పడింది. పులుపు తగిలితే ఒక రంగు, సున్నం తగిలితే ఇంకో రంగు అయ్యే కాగితపు పట్టీలు చేస్తున్నానని చెప్పినప్పుడు రాయమల్లు పడీ పడీ నవ్వాడు. జన్మంతా తాను దేన్నయితే తప్పని తిట్టుకున్నాడో, బిడ్డ దాన్నే బడిలో పాఠం చేసి పెట్టింది మరి.

ఆమె ఆ బడికి వచ్చేనాటికి బీరువాలో ఒకే ఒక్క లిట్మస్ కాగితాల పొట్లం ఉండేది. ఏడాదికోసారి అప్పటి సైన్సు సారు ముందర నిలబడి ఒక పట్టీ ముంచేవాడు. ముందు బెంచీవాళ్లు చూసేవాళ్లు, వెనక బెంచీవాళ్లు నమ్మేవాళ్లు. చదువంటే నమ్మకమేనా, గుడికి పోయినట్టు? మంజులకు ఒళ్లు మండింది. ప్రతి పిల్ల చేతిలో, ప్రతి పిల్లవాడి చేతిలో పట్టీ ఉండాల్సిందే అని పట్టుబట్టి, బడి ఆవరణలోని మందారాలతోనే మొదలుపెట్టింది.

మొదటి ఏడు నగుబాటే అయింది. బోరు నీళ్లలో పువ్వులు నానేస్తే, ఎవరూ ఏమీ కలపకముందే రసం ఆకుపచ్చకు తిరిగింది. ఆ ఊరి బోరు నీళ్లు గిన్నెలకు తెల్లగా పొర కట్టేంత చవుడు నీళ్లు, వాటిలోనే క్షారం ఉంది. అప్పట్నుంచి వాన నీళ్లు పట్టి దాచుకోవడం నేర్చింది. పూరేకులను ఆ నీళ్లలో గోరువెచ్చగా కాచి, పాత చీర గుడ్డతో వడకట్టి, వడపోత కాగితం పట్టీలు ముంచి నీడన ఆరబెట్టడం పిల్లలకు నేర్పింది. ఏ విడత పట్టీలైనా సరే, ముందు నిమ్మరసంలో, సున్నపుతేటలో, ఉప్పునీళ్లలో ముంచి చూడాలి. మొదటి రెండింటిలో మారి, ఉప్పునీళ్లలో మారకుంటేనే సీసాలోకి పోవాలి. పసుపు పట్టీలకు మాత్రం సున్నంలో మారితే చాలు. అది ఆమె చట్టం. ఇంకో చట్టం కూడా ఉంది. "పుస్తకంల ఏమున్నదో నాకెర్కనే. నీ పట్టీ ఏమన్నదో చెప్పు" అనేది ఎప్పుడూ.

ఈ ఏడు హెడ్మాస్టరు కరుణాకర్‌రావు మండలంలోని సైన్సు టీచర్లందరినీ బడికి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే పరువు భయం ఎక్కువ. అంతా బాగా జరిగితే మిగతా బళ్లు కూడా ఇదే దారి పడతాయన్నాడు. నలుగురిలో నవ్వులపాలైతే మాత్రం, వచ్చే ఏటి నుంచి కొన్న లిట్మస్‌తో మంజులే ముందర నిలబడి చేసి చూపించాలని, పిల్లలు కూర్చుని చూస్తే చాలని మెల్లగానే అయినా గట్టిగా చెప్పాడు. మంజుల సరేనంది. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మళ్లీ వెనక బెంచీ నమ్మకాలేనా?

దసరా సెలవులు అయిపోయాక, పదో తరగతి కావ్య ఒక కట్ట పట్టీలు తెచ్చింది. కావ్య నోట్లో మాట పైకి రాని పిల్ల. ఆ పట్టీలు మాత్రం చూసిన కళ్లకు పండగే. ముదురు గులాబీ రంగు, ఎక్కడా మచ్చ లేదు, అంచు నుంచి అంచుకు ఒకే తీరు. దేంతో చేశావంటే గునుగు పూలతో అంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? రంగులద్దేవాడి బిడ్డ ఆ పట్టీని కిటికీ వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది, బాపు చూస్తే మెచ్చుకుంటాడని మురిసింది, ఆ మురిపెంలోనే సీసాలో పెట్టి మూత బిగించింది. నిమ్మకాయ, సున్నం, ఉప్పు అన్నీ బల్ల మీదే ఉన్నాయి. తన చట్టం తనకే గుర్తు రాలేదు.

టీచర్లు వచ్చారు. గోడల వెంబడి నిలబడ్డారు. మందారం పట్టీలు నిమ్మరసంలో గులాబీగా, సున్నపుతేటలో ఆకుపచ్చగా మారాయి. శంఖుపువ్వు చెప్పినట్టు విన్నది. పసుపు పట్టీ సున్నంలో ఎర్రబడగానే దిష్టినీళ్లని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. కరుణాకర్‌రావు భుజాలు సడలాయి. అప్పుడు కావ్య వంతు వచ్చింది.

నిమ్మరసంలో ముంచింది. ఏమీ కాలేదు. సున్నపుతేటలో ముంచింది. ఏమీ కాలేదు. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి, పులుపులో ఎర్రగయిందని చెప్పమని గుసగుసలాడింది. చెబితే సరిపోయేదే, పట్టీ ఎలాగూ ఎర్రగానే ఉంది. ఎరుపే కదా కావ్యా, అని మంజుల ఒక్క మాట అందిస్తే గండం గడుస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. మింగేసింది.

"నీ పట్టీ ఏమన్నది బిడ్డా?" అని అడిగింది.

కావ్య తల ఎత్తింది. "ఏమనలే టీచర్. నిమ్మరసంల మారలే, సున్నంల మారలే."

పక్క ఊరి బడి నుంచి వచ్చిన దేవదాస్ సారు ముందుకు వంగి, మరి నిమ్మరసంలోనే ఏమైనా తేడా ఉందేమో అన్నాడు. కావ్య పక్క పిల్ల దగ్గర రెండు మందారం పట్టీలు తీసుకుని అవే గిన్నెల్లో ముంచింది. రెండూ మారాయి. కాసేపు తన పట్టీ వంకే చూస్తూ నిలబడింది.

"గిన్నెలల్లవి మంచిగనే ఉన్నయి సార్. తప్పు నా పట్టీదే. గునుగు తెల్లగుంటది గద. గీ రంగు పువ్వుది కాదు, బతుకమ్మకు మా అవ్వ అద్దింది."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గదంతా నవ్వింది. అక్కడున్న ఆడవాళ్లంతా పది రోజుల కింద తమ ఇళ్లలో గునుగుకు రంగు ముంచినవాళ్లే. ఒక్కరికీ తట్టలేదు. మంజుల కూడా నవ్వి, పరీక్ష చేయకుండా సీసాలో పెట్టింది తానేనని, రంగు చూసి తానే మోసపోయానని అందరి ముందూ ఒప్పుకుంది. ఆమెకు సిగ్గనిపించలేదు. కావ్యను చూస్తుంటే మనసు నిండిపోయింది.

పోయేముందు టీచర్లు మందారం పట్టీలు అడిగి తీసుకున్నారు. దేవదాస్ సారు మాత్రం ఆగాడు. "నాకు గా మారని పట్టీలు గూడ జరన్ని ఇయ్యండి మేడం. మా పిల్లలు ఏమని చెప్తరో సూస్త" అన్నాడు. అది విని మిగతావాళ్లు కూడా వెనక్కి తిరిగి చేతులు చాపారు. కరుణాకర్‌రావు ఆ రోజు లిట్మస్ మాట ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు. వాన నీళ్లు పట్టడానికి మూతున్న పెద్ద డ్రమ్మొకటి తెప్పిస్తానని మాత్రం అన్నాడు.

సాయంత్రం ఆమె బాపుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. రాయమల్లు ముందు కావ్య తల్లి ఏ రంగు వాడిందో, ఎంతసేపు ముంచిందో అడిగాడు. వృత్తి బుద్ధి మరి.

"పట్టీ సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. అంతమంది ముంగట ఆ పిల్ల మాట మారలే సూడు. గది నువ్వద్దిన రంగు" అన్నాడు.

మంజుల గులాబీ రంగు అంటిన వేళ్లతోనే కళ్లు తుడుచుకుంది.