సిగ్నల్ రాని చోట మూడు రోజులు

సెల్‌ఫోన్ కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో నేను ఉక్కు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. అన్నం ముందు కూర్చున్నా, ఫోను మోగితే లేచిపోయేవాణ్ణి. ఒకరోజు నా భార్య, "ఫోను పలకని చోటికి మూడు రోజులు తీసుకెళ్లండి. ఇంకేమీ అడగను" అంది.

అరకు దాటాక కొండల మధ్య ఒక చిన్న గెస్ట్‌హౌస్ దొరికింది. ఫోను క్వార్టర్లోనే వదిలేశానని చెప్పాను. నిజానికి అది నా సంచి అడుగున, తువ్వాలులో చుట్టి ఉంది.

మొదటి సాయంత్రం ఆమె కొంగు బిగించి, ఎనిమిదేళ్ల మా అమ్మాయితో తొక్కుడుబిళ్ల ఆడింది. ఆమెకు ఆ ఆట వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. చూస్తూ కూర్చున్నానే గాని మనసంతా ఫ్యాక్టరీలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే, సిగ్నల్ ఎక్కడైనా దొరుకుతుందా అని వాచ్‌మన్‌ని చాటుగా అడిగాను.

"ఎనక కొండ మీద నల్లరాయుంటాది సార్. దానిమీద నిలబడితే ఒక గీత వత్తాది."

నడకకని చెప్పి కొండెక్కి, ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. అవతల నా తోటి ఉద్యోగి నవ్వాడు. "ఏటి బావా, లీవులో ఉండి ఫోన్ సేత్తన్నావ్? నువ్వు లేకపోతే ఏటీ ఆగిపోలేదు. హాయిగా ఉండు."

అయినా మూడోరోజూ వెళ్లాను. వెనక అలికిడైంది. మా అమ్మాయి.

"ఫోను ఇంట్లో ఉందన్నావు కదా నాన్నా?"

"అమ్మకి చెప్పకు. అరకులో వెదురు బొమ్మ కొనిపెడతాను" అన్నాను. తలూపింది.

కిందికొచ్చేసరికి నా భార్య ఉప్మా ముందు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఎక్కడికెళ్లారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి, "సీతాకోకచిలుకల్ని చూడ్డానికమ్మా. పసుపువి. నాన్న ఒకదాన్ని పట్టుకోబోయాడు" అంది. తల్లి కళ్లలోకి చూస్తూనే చెప్పింది.

తిరుగు రైల్లో పిల్ల నిద్రపోయాక అంతా చెప్పేశాను. నా భార్య పిల్ల మీద దుప్పటి సర్దింది.

"ఫోను సంగతి మొదటిరోజే తెలుసు. తువ్వాలు కోసం మీ సంచి తీశాను. మీరే చెప్తారేమోనని ఊరుకున్నాను. దాన్నెందుకండీ ఇందులో కలుపుకున్నారు?"



ఇంటికొచ్చాక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మకు నిజం చెప్పేశానన్నాను. బరువు దించుతున్నాననుకున్నాను. దాని ముఖం పాలిపోయింది.

"నేను అబద్ధమాడానని కూడా చెప్పేశావా?"

ఆ రోజంతా అది తల్లికి ఎదురుపడకుండా తలుపుల చాటున తిరిగింది. చేసింది నేను; సిగ్గుపడింది అది.