గేటు దగ్గర పెట్టిన నీళ్లసీసా

ఆ బ్యాంకులో నాకున్నవి పది షేర్లు. లాభం కోసమే కొన్నాను, అబద్ధమెందుకు? కానీ ఈ ఏడాది వాళ్లు పంపిన వార్షిక నివేదికలో పర్యావరణం, మానవ హక్కులు అంటూ పచ్చరంగు పేజీలు చూశాక ఒళ్లు మండింది. తామిచ్చే అప్పులవల్ల ఇబ్బంది పడే ప్రజల మాట వింటామని రాశారు. మా ఊరి బోర్లను పాడుచేసిన రసాయనాల ఫ్యాక్టరీని ఇంకా పెంచడానికి అప్పు ఇవ్వబోతున్నది వాళ్లే. వింటామన్నారు కదా, వినిపిద్దామని వాటాదార్ల సమావేశంలో మాట్లాడటానికి పేరు నమోదు చేసుకున్నాను. మా బోరు నీళ్లు ఒక సీసాలో నింపుకున్నాను.

వికారాబాద్‌లో ఆరూ నలభైకి ప్యాసింజర్ ఎక్కాను. పక్క సీటాయన బేగం బజార్‌కు సరుకు కోసం వెళ్తున్న కిరాణా దుకాణదారు. సంగతి విని నవ్వాడు.

"బుక్కుల రాసింది నమ్మి రైలెక్కిన్రా మేడం? పోనీ, టిఫిన్ పొట్లమైతే మంచిగిస్తరు."

నాకు కోపం వచ్చింది. ఆయన మాటే నిజమవుతుందేమోనన్న భయం ఎక్కువ. సీసా మూత ఊరికే మళ్లీ మళ్లీ బిగించాను.

నాంపల్లిలో దిగేసరికి తొమ్మిదింబావు, అరగంట ఆలస్యం. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు. సమావేశం జరిగే ఆబిడ్స్‌కు ఆటో అతను ఎనభై అడిగాడు. నడిస్తే ఇరవై నిమిషాలే, నడవండి.

హాలు గేటు దగ్గర వరస ఉంది. సెక్యూరిటీ పెద్దాయన సీసా తెచ్చిన ప్రతివాళ్లనూ ఒక గుక్క తాగి చూపించమంటున్నాడు. నన్నూ అడిగాడు. చూడటానికి తేటగానే ఉంటాయి గానీ, నేను ఆ నీళ్లు నోట పెట్టి ఏడాదైంది. నిజం చెబితే లోపలికి పోనివ్వరేమోనని, దాహం లేదన్నాను.

"గట్లైతే గీడ పెట్టి పోన్రమ్మా, పోయేటప్పుడు తీస్కోన్రి," అని తన బల్ల మీద పెట్టుకున్నాడు.

లోపల చల్లటి ఏసీ. పదకొండింటికి మొదలైంది. చైర్మన్ ఆ పచ్చరంగు పేజీలే చదువుతుంటే ఉన్నట్టుండి సీసా గుర్తొచ్చింది. దాని మీద నేనేమీ రాయలేదు. బయట జూన్ ఎండ. ఆ పెద్దాయన పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు. దాహమేసి తాగితే? పోయి చెబుదామంటే ఇంకో ముగ్గురి తర్వాత నా వంతు, పిలిచినప్పుడు లేకపోతే అంతే సంగతులు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. పక్కావిడ విసుక్కుంది. ఊరి ప్రాణాల గురించి చెప్పడానికి వచ్చి ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇక ఆగలేకపోతుంటే నా పేరు పిలిచారు. రాసుకొచ్చిన కాగితం తీయనేలేదు.

"సార్, మీ గేటు దగ్గర బల్ల మీద మా ఊరి బోరు నీళ్ల సీసా ఉంది. మీ సెక్యూరిటీ ఆయన్ని తాగనివ్వకండి. ముందు ఆ పని చేయించండి, ఫ్యాక్టరీ సంగతి తర్వాత."

వేదిక మీదివాళ్లు ముఖాలు చూసుకున్నారు. చైర్మన్ చెయ్యి ఊపగానే ఇద్దరు అధికారులు పరుగెత్తారు. నిమిషంలో తిరిగొచ్చి, ఆయన తాగలేదని చెప్పారు. అప్పుడు అప్పు గురించి అడిగాను. నీళ్లు బాగానే ఉన్నాయని ఫ్యాక్టరీ దగ్గర పత్రాలున్నాయట, అయినా నిబంధనల ప్రకారం పరిశీలిస్తారట. నా సమయం అయిపోయిందని గంట కొట్టారు.

బయటికొస్తే బల్ల ఖాళీగా ఉంది.

"ఆఫీసరోళ్లొచ్చి తీస్కపోయిన్రమ్మా," అన్నాడు పెద్దాయన. "గా కుండీల చెట్లకు పోస్తనంటే గూడ వద్దన్నరు."

నాలుగింటి రైలు దొరికింది, కిటికీ సీటు. సమావేశంలో ఇచ్చిన టిఫిన్ పొట్లంలో మిక్చర్ బాగానే ఉంది, కిరాణా ఆయన అబద్ధం చెప్పలేదు. పత్రాలున్నాయన్న పెద్దమనుషులు ఆ నీళ్లు తమ గుమ్మందాకా వస్తే ఒక్క పత్రమూ అడగలేదు. మాట వినడం వాళ్లకు బాగానే వచ్చు. లింగంపల్లి దాటకముందే ఎవరెవరిని ఒప్పించాలో పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. వచ్చే ఏడాదికి మా ఊళ్లో ఇంటికొక షేరు కొనిపించాలి. మనిషికొక సీసా పట్టించి తీసుకురావాలి, దాని మీద తాగకూడదని పెద్దక్షరాలతో రాసి.