తూము మీది రొట్టె ఎవరు తిన్నారు

నా చిన్నప్పుడు మా అవ్వ ఒక దయ్యం కథ చెప్పి, చివరికి దయ్యాలు లేవని మాకు బుద్ధి గరిపిందని మా దోస్తు ఒకతె ఇప్పటికీ అందరికీ చెబుతూ ఉంటుంది. మొన్న మా బడి వాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా అదే రాసింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. అది శుద్ధ అబద్ధం. మా అవ్వ అలాంటి మాటే అనలేదు. ఆ రోజు పసుపు కుప్ప ముందు కూర్చున్న పిల్లలం ముగ్గురం. ఈ రాసిన మనిషి నోటి నిండా చెరుకు పెట్టుకుని, పిప్పి ఎక్కడ ఉమ్మాలా అని దిక్కులు చూస్తూ ఉంది. కాబట్టి జరిగింది నేనే చెప్పాలి.

మాది బోధన్ నుంచి వర్ని పోయే వైపు, కాలువ ఒడ్డున ఊరు. కాలువకు ఇవతల మేము, అవతల క్యాంపు. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊళ్లను మా దగ్గర క్యాంపు అనే అంటారు, అక్కడ మూడు తరాలు పుట్టి పెరిగినా సరే. ఆ క్యాంపులో నాకొక ప్రాణ స్నేహితురాలు. రోజూ పొద్దున తూము మీదుగా కాలువ దాటి మా ఇంటికి వచ్చేది. అక్కడి నుంచి ఇద్దరం పోట్లాడుకుంటూ బడికి నడిచేవాళ్లం. ఈ గ్రూపులో రాసిన మనిషి మా వెనక వీధి పిల్ల. మా ఇద్దరిలో ఎవరు గెలిచేటట్టు ఉంటే వాళ్ల పక్కన నడిచేది.

పసుపు ఉడికించి ఎండబెట్టాక కొమ్ములు ఒక కుప్పగా, గుండ్రటి మండలు ఒక కుప్పగా ఏరాలి. ఆ పనికి పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడానికి అవ్వ దగ్గర ఉన్న ఉపాయం కథే. మా కాలువ గట్టున ఏ ఇంట్లో అడిగినా తెలిసిన పాత కథ ఒకటుంది. కాలువ చివరన పొలం ఉన్న ఒక ఆడమనిషి. నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు, పై పొలాల వాళ్లు పెట్టుకోగా మిగిలితేనే చివరి వాళ్లకు. వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలు బారింది, వంతు మాత్రం రాలేదు. మిట్టమధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె మూట పట్టుకుని తూము దగ్గరికి పోయింది. నీళ్లు వదిలే కాలువ నౌకరును లస్కరు అంటారు. ఆ లస్కరు గట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే పలకలేదు. రొట్టె ముందు పెట్టింది. ఆయన లేచి తూము ఎత్తాడు. ఆమె నీళ్ల వెంట పొలానికి ఉరికింది. మడి నిండాక తిరిగొచ్చి చూస్తే మనిషి లేడు, తూము మీద సగం రొట్టె ఉంది. సాయంత్రం పక్క ఊరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, లస్కరు నిన్న పొద్దుటే చనిపోయాడని, దహనం కూడా అయిపోయిందని. మడిలో నీళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి.

అవ్వ అక్కడితో ఆపేసేది. తరవాత ఏమైందని అడిగితే "ఏమైతది, మీ చేతులాగినయి, ఏరుండ్రి" అనేది.

లస్కరు దయ్యమై వచ్చాడని నా వాదన. క్యాంపు పిల్ల ఒప్పుకోలేదు. ఆ ఆడమనిషే తాళం పగలగొట్టి తూము ఎత్తుకుంది, వంతు కాని నీళ్లు పెట్టుకుంది, రేపు ఎవరైనా అడుగుతారని దయ్యం కథ అల్లింది, సగం రొట్టె కూడా ఆమే తింది అంటుంది.

"దెయ్యం రొట్టె తింటుందటే?"

"తినకుంటే పెత్రమాస నాడు పెద్దలకు ఎందుకు పెడ్తరే మరి?"

"పెట్టింది కాకి తింటుంది. నీ తూము మీదా కాకే తినుంటుంది."

"కాకైతే సగం ఎందుకు ఇడిశిపెడ్తది?"

"ఆ కాకే లస్కరేమోనే" అంది వెనక వీధి పిల్ల. ఇద్దరం కలిసి దాన్ని కసిరాం.

మూడు రోజులు ఇలా హాయిగా సాగింది. నాలుగో రోజు బడిలో బోరింగు దగ్గర మాట ముదిరింది. "మీ ఊళ్లో వాళ్లు నీళ్లు దొంగిలించి దెయ్యాల మీదకి తోసేస్తారు" అందా పిల్ల. నాకు ఒళ్లు మండింది. "మా కాలువ, మా దయ్యం. నిన్న మొన్న వచ్చిన క్యాంపోళ్లు, మీకేం తెలుసు?" అన్నాను. వాళ్ల తాతను ఆ కాలువ అవతలి గట్టునే దహనం చేశారని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఎంత మాటకైనా నాకు ఎదురు చెప్పే పిల్ల, ఆ పూట మూతి కడుక్కుని వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను. నా తెలివి అంత.

మర్నాటి నుంచి తను తూము మీదుగా రావడం మానేసి, చుట్టు తిరిగి రోడ్డు మీద బడికి పోసాగింది. వారం గడిచింది. వెనక వీధి పిల్ల కబురు మోసుకొచ్చింది: "దాన్ని నిజామాబాద్ హాస్టల్ల ఏస్తరంట. అదే వాళ్ల నాన్నను అడిగిందంట." అయినా తప్పయిందనే మాట నా నోటికి రాలేదు. మా ఇంట్లో ఆ మాట వాడగా నేనెప్పుడూ వినలేదు మరి.

అవ్వ నన్ను ఏమీ అడగలేదు. ఆదివారం పొద్దున తనే కాలువ దాటి క్యాంపుకు పోయి, పసుపు ఏరడానికి చేతులు తక్కువ పడ్డాయి, మీ బిడ్డను ఒక్క పూట పంపమ్మా అని ఆ పిల్ల తల్లిని అడిగింది. మా ఇంట్లో అప్పటికి ఏరాల్సిన పసుపు కొమ్మొక్కటి లేదు. ఏరి పెట్టిన రెండు కుప్పలనూ తెల్లవారుజామున తన చేత్తోనే కలిపేసింది. నేను కళ్లారా చూశాను. పనిమంతురాలైన ఆడది చేసిన పనిని తనే చెడగొట్టుకోవడం అదే మొదటిసారి చూడడం.

ఇద్దరం కుప్పకు అటొకరు ఇటొకరు, మొహాలు తిప్పుకుని కూర్చున్నాం. వెనక వీధి పిల్ల చెరుకు ముక్కతో మధ్యలో చేరింది. అవ్వ మొదలుపెట్టింది.

"లస్కరు ముచ్చటల నిజమేందో నాకెరుకే. చెప్త. కానీ ఊకె చెప్ప. నువ్వు దాని మాట చెప్పాలె, అది నీ మాట చెప్పాలె. అవతలిది ఔ, గిదే నా మాట అనేదాంక నేను నోరు తెరువ."

ముందు నా వంతు. వెక్కిరింపుగా చెప్పాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. రెండోసారి తొందరగా చెప్పాను. మళ్లీ కాదంది. మూడోసారి చెబుతుంటే, ఎండిపోతున్న ఆ పొలం నాదైతే అని నాకే తట్టింది. "ఆమె దొంగ కాదు. పైనోళ్లు వంతు మీద వంతు పెట్టుకున్నరు, ఈమె పొలం కళ్ల ముందల ఎండుతున్నది. గందుకే ఎత్తింది. నిజం చెప్తే జుర్మానా ఏస్తరు. సచ్చిపోయినాయన మీద పెడితే ఆయనకేం నష్టం?" అన్నాను. ఆ పిల్ల అప్పుడు నా వైపు చూసింది. "అదే నా మాట. నేను తిట్టడానికి అనలేదు" అంది మెల్లగా.

తరవాత తన వంతు. చేతిలో కొమ్ము తిప్పుతూ, ఒక్క ఊపిరిలో చెప్పింది.

"లస్కరు ఆమెకి నీళ్లిస్తానని మాటిచ్చాడు. ఇవ్వకుండానే చచ్చిపోయాడు. మాటిచ్చాక రాకుండా ఎలా ఉంటాడు? అందుకే వచ్చాడు. రొట్టె సగమే తిన్నాడు, ఎందుకంటే పొద్దున్నించీ ఆమె ఏం తినలేదని ఆయనకి తెలుసు."

అవ్వ చేతులు ఆగిపోయాయి. నేను "ఔ, గిదే నా మాట" అన్నాను. అది అబద్ధం. నా మాట ఎప్పుడూ అంత బాగా లేదు. దయ్యమంటే దయ్యమే అనడం తప్ప అది ఎందుకొచ్చిందని నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

అవ్వ ఇక నిజం చెప్పాలి. ఆమె నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "కానీ అవ్వా, జుర్మానా సంగతి జూస్తే ఆమెనే ఎత్తినట్టున్నది గదా!"

"కాదే! లస్కరే వచ్చాడు!" అని ఆ పిల్ల లేచి నిలబడింది.

నేనూ లేచాను. పక్షాలు మారిపోయాయని మా ఇద్దరికీ తెలియనే తెలియదు. గొంతులు చించుకుంటున్నాం. చెరుకు నములుతున్న మూడోది ఎవరి పక్కన చేరాలో తెలియక గింగిరాలు తిరుగుతోంది. అవ్వ నవ్వి నవ్వి, పసుపు చేతులతోనే కళ్లు తుడుచుకుని, పెళ్లికూతురులా తయారైంది. మరి నిజమేంటని ఇద్దరం మీద పడితే, "నాకేమెరుక పిల్లా, నేనేమన్న పోయి జూసిన్నా?" అని మళ్లీ నవ్వింది. ఆమె చెప్పిన నిజం అంతే. దయ్యాలు లేవని చెప్పలేదు, ఉన్నాయనీ చెప్పలేదు.

సాయంత్రం ఆ పిల్లను సాగనంపడానికి తూము దాకా వెళ్లాను. అవతలి గట్టు కనిపిస్తుంటే, "తప్పయిందే" అన్నాను. "దేనికి?" అంది. "దయ్యం సంగతికి కాదు" అన్నాను. నవ్వింది. సోమవారం పొద్దున మా గుమ్మం ముందు నిలబడి నన్ను కేకేసింది. హాస్టలు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఎవరితో వాదానికి దిగినా, ముందు వాళ్ల మాట వాళ్లకే అప్పజెప్పి ఔననిపించుకుంటాను. మా ఆయన దీన్ని పెద్ద హింస అంటాడు. సగం సార్లు అలా చెబుతుండగానే నా కోపం చల్లారుతుంది. మిగతా సగం సార్లు నేనే గెలుస్తాను. దానికి నేనేం చెయ్యను?

ఒక్కటే నాకు ఇంకా తేలలేదు. లస్కరు మాటిచ్చాడని అవ్వ ఏనాడూ చెప్పలేదు, నేనూ అనలేదు. తిరిగి రాకుండా ఎలా ఉంటాడన్న మాటా మాది కాదు. ఏ పిల్ల తాతను ఆ గట్టున దహనం చేశారో, ఆ పిల్ల నోటి నుంచి వచ్చింది. ఆ క్యాంపు పిల్ల ఇప్పుడు నిజామాబాద్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంటుంది. చాయ్ తాగడానికి వచ్చినప్పుడల్లా అడుగుతాను, తను మాట మార్చి బిస్కెట్లు అడుగుతుంది. ఇక్కడ రాస్తే అయినా చదివి చెబుతుందేమో: అంత మంచి దయ్యాన్ని కడుపులో దాచుకుని, దయ్యాల్లేవని నాతో ఎందుకు కొట్లాడినవే?