గొంతుతో రాసిన సాక్ష్యాలు

మొన్నొక ఉదయం మాకు పాలు రాలేదు. ఆ సంగతి అపార్ట్‌మెంటులో అందరి ఫోన్లకూ చేరేలా ఒక ముక్క పెట్టమని, చేత్తో కొట్టే శ్రమ కూడా అక్కర్లేదు, నోటితో చెబితే అదే రాసుకుంటుందని మా కోడలు తన ఫోను నా మూతి దగ్గర పెట్టి స్నానానికి వెళ్లిపోయింది. నేను గొంతు సవరించుకుని, నింపాదిగా, "మా ఇంటికి ఇవాళ పాలు రాలేదు పూర్ణ్ విరామ్" అన్నాను. అది బుద్ధిగా అంతా రాసి అందరికీ పంపేసింది. కాసేపటికి మూడో అంతస్తు ఆయన, ఈ పూర్ణ్ విరామ్ గారెవరండీ, కొత్త పాలవాడా అని అడిగాడట! కోడలు తల తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను గాని, నా మనసు మాత్రం రైలెక్కి ఎక్కడో కొండల్లోకి వెళ్లిపోయింది.

హిందీలో పూర్ణ్ విరామ్ అంటే వాక్యం చివర పెట్టే గీత. దాన్ని పైకి పలకడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. నేను దంతెవాడ కోర్టులో చాలా ఏళ్లు స్టెనోగా పనిచేశాను. మావారు బైలాడిలా ఇనుప గనుల్లో ఉద్యోగి, కంపెనీ క్వార్టరు బచేలిలో. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగే ఊరది. నేనేమో విజయనగరంలో టైపు, షార్ట్‌హ్యాండు పాసై, పెళ్లి చేసుకుని, ఆ ఎర్ర దుమ్ములోకి కొత్తకాపురానికి వచ్చినదాన్ని. నా హిందీ బడిలో కొంత, బచేలి బజారులో బెండకాయల బేరం దగ్గర ఎక్కువ నేర్చుకున్నది. ఆ హిందీతోనే పరీక్ష రాసి కోర్టులో ఉద్యోగం తెచ్చుకున్నానంటే మా పుట్టింటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. రోజూ పొద్దున్నే కిరండూల్ నుంచి దిగివచ్చే పాసింజరు ఎక్కి దంతెవాడలో దిగేదాన్ని. రైలు తప్పిపోతే జీపులో, పదిమంది మధ్య, ఎవరి కోడి ఎవరి ఒళ్లో ఉందో తెలియకుండా వెళ్లేదాన్ని.

కోర్టులో సాక్ష్యం ఎలా రాస్తారో చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. సాక్షి తన భాషలో చెబుతాడు. అక్కడ ఆ భాష గోండీ కావచ్చు, హల్బీ కావచ్చు, కోంటా వైపు నుంచి వస్తే దోర్లీయో తెలుగో కావచ్చు. దుబాసీ దాన్ని హిందీలో చెబుతాడు. జడ్జిగారు దాన్ని తీరుగా పేర్చి, సాక్షే చెబుతున్నట్టు "నేను చూశాను, నేను వెళ్లాను" అని పలుకుతారు. నేను టైపు చేస్తాను. అలా మూడు నోళ్లు దాటి నా వేళ్ల దాకా వచ్చిన మాట కాగితం మీద పడుతుంది. నాకా పనంటే ప్రాణం. ఆ కుర్చీలో కూర్చుని నేను విన్నన్ని బతుకులు ఇంకెక్కడ వింటానో మీరే చెప్పండి.

అలాంటిది, యాభై దగ్గర పడుతుండగా నా వేళ్లు మొరాయించాయి. మొదట కుడిచేతి చిటికెనవేలు, తర్వాత ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి. కంపెనీ ఆసుపత్రి డాక్టరమ్మ కీళ్ల జబ్బని చెప్పి, టైపు మానేయమని తేలిగ్గా అనేసింది. మానేసి ఏం చేయను తల్లీ అని మనసులో అనుకుని, ఆ మాట ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నే వేడినీళ్లలో చేతులు ముంచుకుని రైలెక్కేదాన్ని. కాని కోర్టులో ఏదీ దాగదు. సాహెబ్, అంటే మా జడ్జిగారు, ఒక వాక్యం చెప్పి నా కోసం ఆగి, మళ్లీ చెప్పి మళ్లీ ఆగడం మొదలైంది. ప్లీడర్లు గడియారం చూసుకునేవారు.

ఆ సాహెబ్ మంచివాడు, నాకంటే చిన్నవాడు కూడాను. ఒకరోజు పిలిచి, మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయట, రెండింటిని ఒక నెల వాడిచూడమని పైనుంచి పంపారు, ఏది పనికొస్తుందో మీరే తేల్చండి అన్నారు. రెండూ కుదరకపోతే నకళ్ల విభాగానికి మార్చక తప్పదని కూడా మెల్లగా చెప్పారు. నకళ్ల విభాగమంటే వెనక గదిలో కాగితాల మీద ముద్రలు కొట్టుకుంటూ కూర్చోవడం. అక్కడికి మనిషి రాడు, మనిషి మాట రాదు. ఆ సాయంత్రం రైల్లో బచేలి దాకా కిటికీలోంచి చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాను.

ఆ రెండిట్లో ఒకటి గది మొత్తాన్ని వినేది. మైకులు ముందు పెట్టి మనం చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, ఎవరేమన్నా అదే రాసుకుంటుంది. తర్వాత తప్పులు మాత్రం వేళ్లతో దిద్దుకోవాలి. గోండీ వినబడితే దాన్ని కూడా హిందీ అనుకుని ఏదో ఒకటి రాసిపడేసేది గాని, సాహెబ్ మాటను మాత్రం బాగానే పట్టుకునేది. రెండోది ఒక్క మనిషి గొంతునే నేర్చుకునేది. జడ్జీలు మూడేళ్లకోసారి బదిలీ అవుతారు, ప్రతివారి గొంతూ దానికి నేర్పడం ఎవరివల్ల అవుతుంది? అందుకని నా గొంతు నేర్పమన్నారు. సాహెబ్ చెప్పిన ప్రతి వాక్యాన్నీ నేను చిన్న మైకులో మెల్లగా తిరిగి పలకాలి. కామాలు, పూర్ణ్ విరాములతో సహా.

సాఫ్ట్‌వేరుకు గొంతు నేర్పడమంటే అది చూపించిన పాఠాలను చదివి వినిపించడమే. ఆదివారం క్వార్టర్లో తలుపులేసుకుని, ప్రెషర్ కుక్కరు కూడా ఆపేసి, రేడియోలో వార్తలు చదివే ఢిల్లీ అమ్మాయిలా, ఒత్తులు ఒత్తుతూ, నా తెలుగు యాస ఎక్కడా దొరక్కుండా చదివాను. అది నన్ను మెచ్చుకుంటున్నట్టు చకచకా రాసేసింది. ఇంకేం, గెలిచాననుకున్నాను. మర్నాడు కోర్టులో కొంప మునిగింది! పని హడావుడిలో ఆ ఢిల్లీ అమ్మాయి ఎక్కడికి పోయిందో, నా నోట్లోంచి బచేలి బజారు హిందీయే వచ్చింది. అది నన్ను గుర్తుపట్టనే లేదు. భూమి తగాదా సాక్ష్యమంతా తెరమీద ఎవరికీ అర్థంకాని కలగూరగంపలా తయారైంది. సాయంత్రం దాకా దిద్దేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, వేళ్లు వాచిపోయాయి.

ఇంటికొచ్చి ఏడుపుముఖంతో మావారికి చెబితే, ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "నువ్వు దానికి పరిచయం చేసింది ఎవర్నే? రోజూ కోర్టుకు వెళ్లేది ఎవరే?" అన్నారు. నాకు ఒళ్లు మండింది గాని, ఆ మాట నిజం. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి బెండకాయలు బేరమాడే గొంతుతోనే చదివాను. కుక్కరు కూత వేసినా ఆపలేదు. వారంలో అది నన్ను ఇంట్లోవాళ్లకంటే బాగా అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. ఆ వారంలోనే నాకీ పూర్ణ్ విరామ్ జబ్బు పట్టుకుంది. కూరలో ఉప్పు తక్కువైంది పూర్ణ్ విరామ్, పిల్లకు ఫీజు కట్టాలి పూర్ణ్ విరామ్. నేను అలా అనగానే మావారు, "గీత పెట్టేశావుగా, ఇక నేను మాట్లాడొచ్చా?" అనేవారు.

ఇదంతా నవ్వులాటగా ఉంది గాని, నేను ఎదురుచూడనిది ఇంకోటి ఉంది. వేళ్లతో కొట్టినన్నాళ్లూ సాక్షి చెప్పే "నేను" నా చేతుల మీదుగా వెళ్లిపోయేది. ఇప్పుడు దాన్ని నోటితో పలకాలి. పొద్దున ఒకడి తరఫున "నేను కోళ్లు దొంగిలించలేదు" అని, మధ్యాహ్నం ఒకామె తరఫున "నన్ను నా మొగుడు కొట్టాడు" అని. రైల్లో తిరిగి వెళ్తుంటే, ఇవాళ నేను ఎవరెవర్నయ్యానా అని లెక్కకు రాక తికమకపడేదాన్ని. ఇదేం గోల, హాయిగా చేతులు కట్టుకుని కూర్చునే మొదటిదే మేలని దాదాపు నిశ్చయించుకున్నాను.

నెలాఖరు దగ్గర పడ్డాక ఒకరోజు, కోంటా దగ్గరి గొల్లపల్లి వైపు నుంచి ఒక ముసలమ్మ సాక్ష్యానికి వచ్చింది. సంతకు వెళ్తుంటే ఆమె భర్తను లారీ గుద్ది చంపిన కేసు. తెలుగే మాట్లాడింది, మన భద్రాచలం వైపు తెలుగు. దుబాసీ హిందీలో చెబుతున్నాడు, సాహెబ్ పలుకుతున్నారు, నేను బోను పక్కనే కూర్చుని మైకులో గొణుగుతున్నాను. దారిలో భార్యాభర్తలు ఏదో చిన్నదానికి మాటా మాటా అనుకున్నారట. ఆమె అలిగి ముందు నడుస్తోంది. ఆయన వెనకనుంచి పిలిచాడట. "నన్ను పిలిచిండు సారూ. నేను కోపంల ఉంటి. ఎనక్కి తిరిగి సూడలె" అంది. ఆ తర్వాత లారీ చప్పుడు.

సాహెబ్ ఆ వాక్యాన్ని హిందీలో చెప్పారు. మైనే పీఛే ముడ్‌కర్ నహీ దేఖా. నేను వెనక్కి తిరిగి చూడలేదు. అంతే. నా గొంతు పూడుకుపోయింది. ఆ ఉదయమే మావారితో పేచీ పెట్టుకుని, ఆయన ఏదో చెబుతుంటే వినకుండా స్టేషనుకు వచ్చేశాను. బలవంతంగా నోరు తెరిచి పలికాను. వచ్చినది నా గొంతు కాదు. తెరమీద ఏవో పిచ్చి అక్షరాలు పడ్డాయి. మళ్లీ అన్నాను, మళ్లీ అంతే. గదంతా నన్నే చూస్తోంది. లారీ తరఫు ప్లీడరు పెదవి విరిచాడు. అయిపోయింది, నకళ్ల గదే గతి అనుకున్నాను.

అప్పుడు ఆ ముసలమ్మ బోనులోంచి నా వైపు వంగింది. నేను పక్కన గొణుగుతున్నది తన మాటేనని ఆమె ఎప్పుడో కనిపెట్టినట్టుంది. "ఏంది బిడ్డా, గట్ల ఆగినవ్? నేను చెప్పిన గద. ఇగ నువ్వు చెప్పు" అంది. కోప్పడలేదు, బతిమాలలేదు. నీళ్ల బిందె సగం దూరం మోసి, ఇక నువ్వు పట్టుకోమన్నట్టు అంది, అంతే. నేను నీళ్లు తాగి, ఆమె ముఖం చూస్తూ ఆ వాక్యం పలికాను. తెరమీద తప్పు లేకుండా పడింది. పూర్ణ్ విరామ్ అన్నాను. చివర సాక్ష్యమంతా నేనే తెలుగులో చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె తల ఊపి, "గట్లనే" అని వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రమే రెండోదే కావాలని సాహెబ్‌కు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, ఇవాళ్టిలా గొంతు పట్టేస్తే ఏం చేస్తారని అడిగారు. గొంతు కాసేపటికి మళ్లీ వస్తుంది సార్, వేళ్లే రావడం లేదు అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టేశారు. నా కుర్చీ నాకు దక్కింది. ఆ రాత్రి మావారికి ఇష్టమైన గుత్తివంకాయ చేసి, పొద్దున చెప్పబోయిన మాటేమిటో చెప్పమన్నాను. గొడుగు తీసుకెళ్లమని చెప్పబోయారట!

రిటైరయ్యేదాకా ఆ గొంతుతోనే రాశాను. ఎందరి తరఫున "నేను" అన్నానో నాకే తెలియదు. ఇప్పుడు మావారూ నేనూ విశాఖలో కొడుకు దగ్గర హాయిగా ఉన్నాం. వేళ్లు వంకరైనా ముద్ద కలుపుకోవడానికి ఇబ్బంది లేదు, ఇంతకంటే ఏం కావాలి? నా కుర్చీలో ఇప్పుడున్న అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటుంది. పాలు రాని ఆ రోజు సాయంత్రమే చేసింది. "దీదీ, కొత్తది వచ్చింది. గది మొత్తాన్ని అదే వింటుంది, తెలుగు కూడా రాస్తుందట. మేము నోరు విప్పే పనే లేదు" అని సంబరంగా చెప్పింది. నిజంగా సంతోషమేసింది. దానికి ఆ శ్రమైనా తప్పింది, పిచ్చిపిల్ల.

ఫోను పెట్టేశాక మాత్రం ఆ బోను, ఆ ముసలమ్మ గుర్తుకొచ్చారు. కోంటా వైపు నుంచి అలాంటివాళ్లు ఇంకా వస్తూనే ఉంటారు కదా. చెప్పుకోవలసిన కష్టమంతా చెప్పేసి, అలిసిపోయి, పక్కకు తిరిగి, "ఇగ నువ్వు చెప్పు బిడ్డా" అని ఇప్పుడు ఎవరితో అంటున్నారో.