దిగబడ్డ టాంగా

మల్లయ్య టాంగా ఎక్కితే నడుము విరుగుతుందని నాంపల్లి స్టేషన్ దగ్గర అందరూ నవ్వేవాళ్లు. నవ్వరూ మరి! తొంభైల్లో చుట్టూ ఆటోలు రయ్యిమంటూ పోతుంటే, గుర్రానికి గడ్డి వేసుకుంటూ కూర్చున్నవాణ్ణి చూస్తే ఎవరికి నవ్వు రాదు? కానీ ఆ నవ్వేవాళ్లకు ఒకప్పటి దారుల సంగతి ఏం తెలుసు! వానాకాలంలో గోల్కొండ వైపు పోవడమంటే మాటలా? ఇరుసు దాకా బురద. పెళ్లికూతుళ్లు కూడా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగి నడవాల్సిందే. అందుకే టాంగావాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ముందు బండి దిగబడితే వెనక బండి దాటిపోకూడదు. తన గుర్రాన్ని విప్పి తెచ్చి, దిగబడ్డ బండికి కట్టి లాగాలి. కిరాయి పోతే పోనీ.

మల్లయ్య, తోటి టాంగావాడు ఇజ్రాయేల్ అలా ఒకరి బండి ఒకరు లాగుకుంటూనే ముసలివాళ్లయ్యారు. ఈమధ్య ఇజ్రాయేల్ గుర్రాన్ని అమ్మేసి ఆటో కొన్నాడు. గుర్రం పోతే పోయింది, మనిషి మనవాడే కదా అనుకున్నాడు మల్లయ్య. పిచ్చి మారాజు!

అతనికి మిగిలిన నిత్య బేరం ఒక్కటే, కమల టీచరమ్మ. గౌలిగూడ నుంచి ఆబిడ్స్‌లోని బడికి రోజూ ఆమెను తీసుకుపోతేనే గుర్రానికి దాణా, ఇంట్లో పొయ్యి. ఆమె కూడా మానుకుంటే ఇక బండి కట్టే పనే లేదు.

ఆ శుక్రవారం పొద్దున, ఆబిడ్స్‌లో నల్లా పైపుల కోసం తవ్వి సగం పూడ్చిన గుంతలో కుడి చక్రం దిగబడింది. గుర్రం ఎంత గుంజినా కదల్లేదు. టీచరమ్మ దిగి పక్కన నిలబడింది. అంతలో వెనక నుంచి ఇజ్రాయేల్ ఆటో వచ్చి ఆగింది. మల్లయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"వచ్చినవా తమ్మీ! జర ఎనక నుంచి ఒక చెయ్యెయ్యి."

ఇజ్రాయేల్ దిగలేదు. "బడి టైమైతుంది గదన్నా. ఎక్కున్రి టీచరమ్మా."

"గదేందిరా? చక్రం బయటికి రానియ్యవా?"

టీచరమ్మ తల వంచుకుంది. "మల్లయ్యా, సోమవారం నుంచి ఇజ్రాయేల్ ఆటోలనే పోదామనుకున్న. మాట్లాడుకున్నం గూడ. నువ్వు ఫికర్ చేస్తవని చెప్పలే."

మల్లయ్య ఒళ్లు మండిపోయింది. నిన్న సాయంత్రం కూడా తన పక్కనే కూర్చుని చాయ్ తాగాడే, ఒక్క ముక్క అన్నాడా!

"గిన్నేండ్లు నీతోని బురదల నడిచిన గదరా! నా నోటికాడి కూడే గావాల్నా నీకు?"

"నేను గాకపోతే ఇంకొకడు తీస్కపోతడన్నా. మళ్లొచ్చి గుంజుత, గీడనే ఉండు," అని, టీచరమ్మ ఎక్కగానే ఇజ్రాయేల్ ఆటో ముందుకు ఉరికించాడు.

రాలేదు. మధ్యాహ్నం దాకా దారి చూసి మల్లయ్య గుర్రాన్ని విప్పాడు. పోనీ పాపమని నెట్టడానికి వచ్చినవాళ్లను వద్దన్నాడు.

"తీసి ఎవరిని ఎక్కించుకోవాలె బిడ్డా?" అన్నాడు.

గుర్రాన్ని పట్టుకుని గౌలిగూడకు నడిచి వెళ్లిపోయాడు. ఆ టాంగా కోసం మళ్లీ రాలేదు.